కాన్‌స్టాంటినోపుల్‌ని ముంచింది వెనిస్ ఒక్కటే కాదు

1204లో క్రూసేడర్లు, అంటే మతయుద్ధానికి బయల్దేరిన పడమటి క్రైస్తవ సైన్యం, బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ని (ఇప్పటి ఇస్తాంబుల్) దోచుకున్న సంగతి ఎప్పుడు చర్చకొచ్చినా తప్పంతా వాళ్లకి ఓడలిచ్చిన ఇటలీ నగరం వెనిస్ నెత్తిన రుద్ది ఊరుకుంటున్నారు. వెనిస్ చేసింది ఘోరమే, కాదనను. కానీ ఆ ఓడలు ఆ రేవు దాకా వచ్చింది రాజకుటుంబంలో తగువు వల్ల. ఆ తగువుకి దారి వేసినవాడు, సామ్రాజ్యాన్ని నిలబెట్టాడని అందరూ మెచ్చుకునే చక్రవర్తి అలెక్సియోస్ కొమ్నెనోస్. నా అభిప్రాయం ఇదే, ఎందుకో చెప్తాను.

అంతకుముందు ఆ ప్రభుత్వం ఎలా ఉండేదో చూడండి. 950లో ఇటలీ నుంచి దూతగా వెళ్లిన లియుట్‌ప్రాండ్, మట్టల ఆదివారానికి ముందు జరిగే జీతాల పంపకం కళ్లారా చూసి రాసిపెట్టాడు. పొడవాటి బల్ల, దాని మీద బంగారు నాణేల సంచులు, ఏ సంచిలో ఎంతుందో పైన రాసి ఉంటుంది. హోదా వరసన ఒక్కొక్కరినే పిలుస్తారు. మొదటి అధికారికి సంచులు చేతికివ్వలేదు, భుజాల మీద పెట్టారు. సేనాధిపతి, నౌకాదళాధిపతి అయితే మోయలేక పక్కవాళ్ల సాయంతో ఈడ్చుకుంటూ వెళ్లారట. ఈ తంతు మూడు రోజులు సాగింది. అప్పుడు గొప్ప కుటుంబాలు లేవా అంటే, బోలెడు ఉన్నాయి. కానీ తండ్రి బిరుదు కొడుక్కి దానంతటది రాదు. ఎంత పెద్దింటివాడైనా చక్రవర్తి ముందుకొచ్చి జీతం పుచ్చుకోవాల్సిందే.

ఆ కుటుంబాలు బలిస్తే ఏమవుతుందో ఆ తర్వాతి చక్రవర్తి రెండో బాసిల్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. పెద్దింటి సేనానులు బర్దాస్ స్క్లేరోస్ 976లో, బర్దాస్ ఫోకాస్ 987లో అతని మీద తిరగబడ్డారు. యుస్తాథియోస్ మలీనోస్ అనే భూస్వామి దారిలో చక్రవర్తి సైన్యం మొత్తానికీ విందు పెట్టాడు. అంత స్తోమత ఉన్నవాణ్ణి బాసిల్ వెంటబెట్టుకెళ్లి, మళ్లీ ఊరికి పోనివ్వలేదు. అతను చనిపోయాక ఆస్తి ఖజానాకి కలిపేశాడు. ఫిలోకలేస్ అనే రైతు కొలువులో పైకెదిగి తన ఊరంతా కబళించాడు. బాసిల్ అతని మేడలు పడగొట్టించి, భూములు ఊరివాళ్లకి తిరిగిచ్చి, అతన్ని మళ్లీ మామూలు రైతుని చేశాడు. ఈ మాట 996 శాసనంలోనే ఉంది. పేదరైతు కట్టలేని పన్ను పక్కనున్న ధనవంతుడే కట్టాలని కూడా ఆజ్ఞాపించాడు. మధ్యయుగంలో ఇంత తెగువ చూపిన రాజులు నాకు పెద్దగా కనపడలేదు. అయితే అతను పెళ్లి చేసుకోలేదు, సరైన వారసుణ్ణి తయారు చేయలేదు. 1025లో పోయాడు. 1028లో గద్దెనెక్కిన మూడో రొమానోస్ ఆ పన్ను నియమాన్ని ఎత్తేశాడు.

1081లో అలెక్సియోస్ సింహాసనాన్ని సైనిక బలంతో, అత్తవారి అండతో లాక్కున్నాడు. సాయం చేసినవాళ్ల రుణం తీర్చాలిగా! బావ నికెఫొరోస్ మెలిస్సెనోస్‌కి సీజర్ బిరుదు ఇచ్చాడు. అన్న ఐజాక్ దానికంటే కింద ఉండకూడదని ఏకంగా సెబాస్టోక్రేటర్ అనే కొత్త బిరుదు పుట్టించాడు. తోడల్లుడు జార్జ్ పాలియోలోగోస్ చేతికి పడమటి తీరంలోని డైరేకియం కోట. తాను యుద్ధానికి వెళ్తూ మొత్తం పాలనాధికారం తల్లి అన్నా దలస్సేనేకి రాసిచ్చాడు. ఆవిడ సమర్థురాలు, ఆవిడ మీద నాకేం ఫిర్యాదు లేదు.

నాకు మింగుడుపడనిది ఉత్తర గ్రీసులోని కసాండ్రా వ్యవహారం. 1084 నాటికి ఆ ద్వీపకల్పం మీద వచ్చే పన్నులు తమ్ముడు ఏడ్రియన్‌కి రాసిచ్చేశాడు. అక్కడ భూములున్న అథోస్ పర్వతపు లావ్రా మఠం సన్యాసులకి గుండెల్లో రాయి పడింది. పన్ను ఏడ్రియన్‌కి కడుతున్నాం కాబట్టి రేపు మమ్మల్ని ఆయన కౌలుదార్లంటారేమోనని చక్రవర్తికి మొరపెట్టుకున్నారు. మీ హక్కుకి ఢోకా లేదని ఆయన హామీ ఇచ్చాడు. హామీ ఇవ్వాల్సి వచ్చిందంటేనే పరిస్థితి ఎక్కడికొచ్చిందో చూడండి! బల్ల మీది సంచి పోయి, ప్రాంతాలకి ప్రాంతాలే చుట్టాల పాలయ్యాయి. ఆ తర్వాత కొలువులో పెద్ద పదవులు చేసిన జొనారస్ తన చరిత్రలో ఇదే మాట కుండబద్దలు కొట్టాడు: అలెక్సియోస్ రాజ్యానికి ధర్మకర్తలా కాక యజమానిలా మెలిగాడని, బంధువులకి ప్రజాధనం బండ్లకొద్దీ తోలాడని.

పడమటి నుంచి దండెత్తిన నార్మన్లని, ఉత్తరం నుంచి దండెత్తిన పెచెనెగ్‌లని తరిమింది ఈ కుటుంబమే కదా అంటారు. నిజమే. చుట్టూ శత్రువులున్నప్పుడు అయినవాళ్లనే నమ్మాడు, అది అర్థమవుతుంది. కానీ రక్తమే అర్హత అయ్యాక ఆ రక్తం ఉన్న ప్రతివాడూ గద్దెకి హక్కుదారే. 1118లో అలెక్సియోస్ కూతురు అన్నా, గద్దెనెక్కిన సొంత తమ్ముణ్ణి దింపాలని చూసింది. 1183లో అలెక్సియోస్ మనవడు ఆండ్రోనికోస్ పసివాడైన చక్రవర్తిని చంపించాడు. 1185లో జనం ఆండ్రోనికోస్‌ని చంపి, అలెక్సియోస్ మునిమనవడు ఐజాక్ ఏంజెలోస్‌ని ఎక్కించారు. ఏంజెలోస్‌లకి అంత పలుకుబడి వచ్చింది అలెక్సియోస్ కూతురు థియోడోరాని కోడలిగా తెచ్చుకున్నాకే. 1195లో ఐజాక్ కళ్లు పొడిపించి కూర్చున్నవాడు అతని తోడబుట్టిన అన్నే.

ఆ ఐజాక్ కొడుకే పడమటి దేశాలకి పారిపోయి, తండ్రి గద్దె తిరిగి ఇప్పిస్తే 2 లక్షల వెండి మార్కులు ఇస్తానని క్రూసేడర్లకి మాటిచ్చాడు. 1203లో వాళ్లు రాగానే గద్దె మీదున్న అతని పెదనాన్న, భార్యని ఊళ్లోనే వదిలేసి, బంగారంతో రాత్రికి రాత్రే పారిపోయాడు. మాటిచ్చిన డబ్బు పూర్తిగా ముట్టలేదు, మరుసటి ఏడు నగరం దోపిడీ అయింది. కాబట్టి 1204 గురించి రాసేవాళ్లు వెనిస్‌ని తిట్టండి, తప్పకుండా తిట్టండి. కథ మాత్రం 1081 నుంచి మొదలుపెట్టండి.