రువాండా జైళ్ల గ్యాసు: ఖైదీకి ఒరిగిందేమిటి?

(1994 మారణహోమం తర్వాత రువాండా జైళ్లలో లక్షకు పైగా నిందితులను కుక్కారు. 2001 నుంచి కిగాలీ సాంకేతిక విద్యాసంస్థ కొన్ని జైళ్లలో మరుగుదొడ్ల మలంతో నడిచే గ్యాసు ప్లాంట్లు కట్టింది. వాటివల్ల ఖైదీ బతుకు మెరుగుపడిందా అన్నదే వాదం.)

ఇంజినీరు: మెరుగుపడింది డాక్టరు గారూ. ఇంతకుముందు గుంతలు పొర్లి మురుగు కొండ దిగువకు పారేది. ఇప్పుడది గొట్టంలో నేలలోపలి డోముల్లోకి పోతుంది. మన గోబర్ గ్యాసు లాంటిదే, కాకపోతే ఒకదానికొకటి కలిపిన పెద్ద తొట్ల వరుస. చ్యాంగుగు జైల్లో కట్టెల వాడకం సగానికి తగ్గింది.

డాక్టరు: కట్టెలు సర్కారు ఖర్చు. ఖైదీకి కావలసింది చోటు. కొన్ని వందల మందికి కట్టిన గీతరామా జైల్లో 1995లో దాదాపు 7,000 మంది. చదరపు మీటరుకు నలుగురు. తడి నేల మీద ఉత్తకాళ్లతో నిలబడి నిలబడి పాదాలు కుళ్లాయి, కొందరికి కాళ్లు తీసేశారు.

ఇంజినీరు: ఆ తడి మురుగుదే కదండీ!

డాక్టరు: మురుగు పోయినా మనిషి ఎక్కడ పడుకుంటాడు? పైగా మలం నుంచి మనిషికి రోజుకు 25–30 లీటర్ల గ్యాసే వస్తుంది. జనం తగ్గితే మీ పొయ్యీ చల్లారుతుంది.

ఇంజినీరు: జనం తగ్గితే వంటా తగ్గుతుంది. జనాన్ని తగ్గించడం కోర్టుల పని. 2005లో గచాచా గ్రామ న్యాయస్థానాలు దేశమంతా మొదలైంది అందుకే. ఈలోగా వంట ఆగదు. నన్ను వేధించేది మీ బ్లీచింగే. విరేచనాలు మొదలవగానే మరుగుదొడ్లలో బక్కెట్లకొద్దీ పోస్తారు. తొట్టిలోని సూక్ష్మజీవులు చస్తాయి, గ్యాసు పడిపోతుంది, చిక్కుళ్లు సగమే ఉడుకుతాయి.

డాక్టరు: సగం ఉడికిన ఎర్ర చిక్కుళ్లు తింటే వాంతులే. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు తెర్లించి, ఆపైన మెత్తబడే దాకా ఉడికించాలి. అయినా రక్త విరేచనాలు పాకుతుంటే బ్లీచింగు పోయకుండా చేతులు ముడుచుకు కూర్చోమంటారా?

ఇంజినీరు: పోయండి, డోముకు వెళ్లే దొడ్లలో మాత్రం వద్దు. రోగులకు వేరే దొడ్డి, దానికి వేరే గుంత. కడుగుడు నీళ్లకు, వాన నీళ్లకు విడి కాలువ. లేకుంటే తొట్టి పలచబడి మలం కుళ్లకుండానే బయటికి కొట్టుకుపోతుంది. గుడ్డపీలికలు అడ్డం పడకుండా మూతి దగ్గర జల్లెడ కావాలి.

డాక్టరు: వేరే దొడ్డి ఎక్కడ పెడతారు? రోగీ, ఆరోగ్యవంతుడూ ఒకే హాల్లో ఒకరి కాళ్ల మీద ఒకరు తల పెట్టుకుని పడుకునే చోట! చోటు పంచేది కాపిటాలు, అంటే ఖైదీల్లోంచే వచ్చిన పెద్దలు. వాళ్ల మాట దాటి రోగిని కదిలించగలరా?

ఇంజినీరు: లేను. ఆ మాటలో న్యాయముంది.

డాక్టరు: ఇంకోటి. గ్యాసు పోయాక తొట్లోంచి వచ్చే మడ్డిలో, అంటే స్లర్రీలో, నులిపురుగుల గుడ్లు చావవు. దాన్ని క్యాబేజీకి పోస్తే తిరిగి ఖైదీ పళ్లెంలోకే.

ఇంజినీరు: అరటికి, చెట్లకు మాత్రమే. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు లేకుండా ఎవరూ తోడకూడదు.

డాక్టరు: బూట్లు ఎన్ని జతలు తెప్పించారు?

ఇంజినీరు: తోడేవాళ్లందరికీ రాలేదు.

డాక్టరు: అవి వచ్చేదాకా స్లర్రీ తోడించవద్దు.