ఊపిరి పీల్చని సాక్సఫోను

జాజ్ సంగీతానికి పట్టిన పీడ ఎట్టకేలకు విరగడైంది. ఆ పీడ పేరు సంగీతకారుడు. వేళకు రాడు, డబ్బులు అడుగుతాడు, నిన్న వాయించినట్టు ఈరోజు వాయించడు. ఇక ఆ బెడద లేదు. ‘చదువుకోవడానికి జాజ్’, ‘నిద్రకు జాజ్’, ‘వానలో జాజ్’ అంటూ గంటల కొద్దీ మోగే జాబితాలు ఫోనులోకి వచ్చేశాయి. వాటిలో జాజ్ తప్ప అన్నీ ఉన్నాయి.

మొన్న రాత్రి అలాంటిదొకటి పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. తెర మీద కిటికీ, అద్దం మీద వాన, బల్ల మీద కాఫీ కప్పు, పక్కన నిద్రపోతున్న పిల్లి. నాలుగు సెకన్లకోసారి అదే ఆవిరి అదే వంపు తిరుగుతుంది. మూడు గంటలైనా కాఫీ తరగలేదు, చల్లారలేదు. పియానో మూడు మెట్లెక్కి, తాళంచెవి మరిచిపోయినవాడిలా ఆగి, దిగి వచ్చేస్తుంది. మళ్లీ ఎక్కుతుంది. నలభయ్యోసారికి నేనే వెళ్లి తలుపు తీద్దామనిపించింది. సాక్సఫోను మాత్రం ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు. మనిషి వాయిస్తే స్వరానికి ముందు చిన్న బుస వినిపిస్తుంది, మీటలు టకటకలాడతాయి. ఇక్కడ ఆ అలికిడే లేదు. బృందం మొత్తంలో ప్రాణమున్నది పిల్లికే అనుకుందామంటే, దాని తోక కూడా నాలుగు సెకన్లకోసారే కదిలింది.

వాయించినదెవరా అని పేరు నొక్కి చూశాను. ఫోటో లేదు, ఊరు లేదు, ఎక్కడా కచేరీ చేసిన జాడ లేదు. శ్రోతలు మాత్రం లక్షల్లో!

ఇదంతా నా చాదస్తం అనుకునేవారు హార్పర్స్ పత్రిక 2025 జనవరి సంచికలో లిజ్ పెల్లీ రాసిన పరిశోధన చదవండి. పాటలు వినిపించే స్పాటిఫై యాప్ జాబితాల్లోకి చౌకసరుకు ఎలా చేరిందో ఆవిడ తవ్వి తీశారు. ఆ సరుకు తయారుచేసే జాజ్ కళాకారుడొకరు సోఫాలో వెల్లకిలా పడుకుని స్వరాలు రాస్తారట. తర్వాత స్టూడియోలో ఒక్కోటి ఒక్కసారే వాయించి, గంటా రెండు గంటల్లో 15 దాకా ముగిస్తారట. ఆయన్ని నేనేమీ అనను, ఇంటద్దె కట్టాలి కదా. అదే స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి 1,000 సార్లు మోగని పాటకు రికార్డింగు రాయల్టీ పైసా రాదు. 900 మంది కళ్లు మూసుకుని, ప్రాణం పెట్టి విన్నా సున్నాయే. పాట 30 సెకన్లు మోగితే లెక్కలో పడుతుంది; వినేవాడు మేలుకుని ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. జాబితా కింద రాసిన ఒక మాట దగ్గర ఒళ్లు మండింది: ‘మీ ఏకాగ్రతకు భంగం కలిగించని జాజ్’.

భంగం కలిగించని జాజా? 1951లో న్యూయార్క్ పోలీసులు జాజ్ పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ దగ్గర క్యాబరే కార్డు లాక్కున్నారు. అది లేకుండా అక్కడి క్లబ్బుల్లో వాయించడానికి వీల్లేదు. తాను పెరిగిన నగరంలోనే ఆరేళ్లు అతని చేతులు కట్టేశారు. 1959 ఆగస్టు 17న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విడుదలైంది. సరిగ్గా ఎనిమిది రోజులకు, బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో వాయిస్తూ విరామంలో బయటికొచ్చి నిలబడితే పోలీసులు కదలమన్నారు. క్లబ్బు బోర్డు మీద తన పేరు చూపించాడు. తల పగిలేలా కొట్టారు. రక్తం మరకల కోటుతోనే స్టేషనుకు లాక్కుపోయారు. ఆ మనిషి రికార్డులోని నెమ్మదినే ఇవాళ పిండి, నీళ్లు కలిపి, మీ తలగడ పక్కన ధార కడుతున్నారు. సిగ్గుండాలి! సంగీతానికి డబ్బివ్వడం ఇష్టం లేకపోతే మానుకోండి, నిద్రమాత్రలు అమ్ముకోండి, ఆ డబ్బా మీద జాజ్ అని మాత్రం రాయకండి.

రాత్రి ఒకటిన్నరకు జాబితా ఆపేసి మంక్ రికార్డు పెట్టాను. రెండు నిమిషాలు కాకుండానే పక్క గదిలోంచి మా ఆవిడ కేక: “ఎవరండీ ఆ పియానో రానివాడు? ఆపించండి!”

ఆ రాత్రి మా ఇంట్లో సంగీతం విన్నది ఆవిడొక్కతే.