ఉప్పు తిన్న బండి

ఉప్పు తిన్న ఇంటికి మనిషి ద్రోహం చెయ్యడంటారు. ఇనుముకు ఆ మర్యాద లేదు. తిన్నంత తిని, చిల్లులు పెట్టి పోతుంది.

తిరుపతిలో చేపల వ్యాపారం చేసే ఓ మామ పికప్ బండికి ఇదే జరుగుతోంది. వారానికి నాలుగుసార్లు సూళ్లూరుపేట పోయి పులికాట్ రొయ్యలూ చేపలూ ఐసులో వేసుకుని వస్తుంది. శ్రీకాళహస్తి దాటేసరికి ఐసు కరిగి, ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి ఛాసీ మీద, అంటే బండిని మోసే ఇనుప చట్రం మీద, ధారకడతాయి. మామకు అది కనబడదు. బండి కింద దూరి చూసే వయసు దాటిపోయింది.

చూసినవాడు అమెరికా అల్లుడు. పోయిన పండక్కి వచ్చినప్పుడు స్టెప్నీ తీయబోతే చేతిలోకి తుప్పు పెచ్చు ఊడొచ్చింది. అల్లుడుండేది బఫెలోలో. అక్కడ మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా దగ్గర గడ్డకట్టవు గనక, దాదాపు మైనస్ 9 డిగ్రీల దాకా ఆ ఎత్తు బాగానే పారుతుంది. చలి ఇంకా ముదిరితే కాల్షియం క్లోరైడ్ అనే ఇంకో రకం ఉప్పు. అది గాల్లో తేమను తానే లాక్కుని ఇనుమును ఆరనివ్వదు.

"రోడ్డుకు ఊరగాయ పెడతారా నైనా?" అన్నాడు మామ ఫోన్లో.

"ఊరేది మన బండే మామా. అందుకే ఏటా చలికాలానికి ముందే కింద కోటింగ్ కొట్టిస్తాం. గొర్రె ఉన్ని కొవ్వుతో చేసింది."

మామ ఆ సాయంత్రమే మటన్ కొట్టుకు పోయి రెండు కిలోల కొవ్వు చెప్పొచ్చాడు. అల్లుడన్న ఉన్ని కొవ్వు, అంటే లానొలిన్, మాంసంలో కొవ్వు కాదు, గొర్రె చర్మంలోంచి ఊరి ఉన్నికి పట్టే మైనం. ఉన్ని కడిగినప్పుడు విడిగా తీస్తారు. అది గట్టిపడదు, సందుల్లోకి పాకుతూ పోతుంది, ఏడాదికోసారి మళ్లీ కొట్టాలి. ఈ వివరం చేరేలోపు మటన్ కొట్టాయన కొవ్వు తూచి ఇంటికి పంపేశాడు. అత్త మూడు రోజులు మాట్లాడలేదు.

రేణిగుంట రోడ్డు షెడ్డులో మేస్త్రీకి తెలిసిన వైద్యం వేరే. వాటర్ సర్వీస్ చేసి, కాలిన ఆయిల్లో డీజిల్ కలిపి కింద చిమ్మడం. చవకే. కాకపోతే ఆ ఆయిల్ రబ్బరు బుష్షుల్ని ఉబ్బిస్తుంది, రోడ్డు మీది దుమ్మంతా దానికంటుకుంటుంది, వారం పాటు బండి నిలబెట్టిన చోటల్లా నల్లమచ్చ. అల్లుడు వద్దంటే వద్దన్నాడు. చివరికి తారూ రబ్బరూ కలిసిన నల్ల కోటింగ్ నాలుగు లీటర్లు తెచ్చారు.

సరుకులో తప్పు లేదు. తప్పంతా తొందరలో ఉంది. మర్నాడు తెల్లవారుజామున లోడు ఉంది గనక అంతా ఒక్క పూటలో తేలాలన్నాడు మామ. అసలైతే ప్రెషర్‌తో కడిగాక ఒక రోజంతా ఆరాలి. పికప్ ఛాసీ డబ్బాలాంటిది, పైన తడారినా లోపల నీళ్లు నిలిచే ఉంటాయి. ఆరాక వైర్ బ్రష్షుతో రుద్ది, సుత్తితో తట్టి, వదులు పెచ్చులు రాల్చాలి. మిగిలిన తుప్పుకు కన్వర్టర్, అంటే తుప్పును నల్ల పొరగా మార్చే మందు, పూసి, అది నల్లబడ్డాకే స్ప్రే గన్ను పట్టాలి. జానా బెత్తెడు దూరం నుంచి పలచగా రెండు మూడు కోట్లు. అవేవీ చెయ్యకుండా తుప్పు మీదే కొడితే చీము తియ్యకుండా కట్టుకట్టినట్టే: పైన నిగనిగ, లోపల ఉప్పు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. డబ్బా లోపలికి రంధ్రాల గుండా పొడుగు గొట్టం దూర్చి చిమ్మాలన్న ఊసే షెడ్డులో రాలేదు.

షెడ్డు కుర్రాడికి మేస్త్రీ చెప్పింది మూడే ముక్కలు: "నల్లగా కనపడాల, అంతే."

కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడు. సైలెన్సర్ నల్లగా, వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు నల్లగా, వైరింగ్ కప్లర్లు నల్లగా. చక్రాలకు మాత్రం గోనెసంచులు కప్పాడు, అదీ టైర్ల మీద పడితే మేస్త్రీ చెవి మెలేస్తాడని. ఆ భయమే బ్రేకుల్ని కాపాడింది. డిస్కుల మీద ఇది పడి ఉంటే ఈ కథ నవ్వుకునేలా ఉండేది కాదు. అడుగున అర లీటరు మిగిలింది. పారబోస్తే పాపమని తలుపుల కింది అంచులకు కూడా దట్టంగా పట్టించాడు.

తెల్లారి ఏర్పేడు దగ్గర సైలెన్సర్ కాగి, కోటింగ్ మాడి, బండి కింద నుంచి పొగ లేచింది. "బండి కాలతా ఉండాది!" అని టీ అంగడి వాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ఒకాయన తడి ఇసుక కూడా తెచ్చాడు. మామ దిగి, "కాల్లేదు సామీ, కొత్తగా కోటింగ్ కొట్టించినా" అని చెబితే ఒక్కడూ నమ్మలేదు. పొగ తగ్గాక బయల్దేరితే అరవై స్పీడు దాటగానే బండి వణుకు మొదలెట్టింది. షాఫ్టుకు ఒకవైపు మందంగా అంటుకున్న కోటింగ్‌తో బ్యాలెన్సు తప్పింది. మామ దాన్ని కొత్త టైర్ల మీదికి నెట్టి, అలైన్‌మెంట్‌కు డబ్బులు పోశాడు. షాఫ్టు గీకించమని ఎవరూ చెప్పలేదు.

కార్తీకంలో వానలు పట్టాయి. అద్దం పక్కనుంచి తలుపులోకి ఎప్పుడూ కొంత నీరు దిగుతుంది. దిగినది పోవడానికే కంపెనీవాళ్లు తలుపు అడుగున చిన్న రంధ్రాలు పెడతారు. సైకిల్ పుల్లతో పొడిస్తే తెరుచుకునేవే. కానీ అర లీటరు కింద అవి ఎక్కడున్నాయో కుర్రాడికి కూడా గుర్తు లేదు.

ఆ శుక్రవారం మార్కెట్లో మామ తలుపు తెరిచాడు. లోపల గుడగుడమంది. మూసినా గుడగుడే. రోజూ సరుకు కొనే అవ్వ గంప దించి, రేకుకు చెవి ఆనించి వినింది.

"కొరమీన్లు ప్రాణంతో తెచ్చినావే," అంది. "అర్ధకేజీ తియ్యి నైనా, పెద్దవిగా చూసి."