నంబర్ ప్లేటు క్షేమమే మన క్షేమం

హైదరాబాద్‌లో టూవీలర్ల భద్రత ఈమధ్య బాగా పెరిగింది. కాకపోతే మనిషికి కాదు, నంబర్ ప్లేటుకి.

మొన్న అమీర్‌పేటలో ఎర్రలైటు పడింది. పక్కన కానిస్టేబుల్ కెమెరా తీశాడు. నా ముందు బండి మీదున్న పెద్దమనిషి హెల్మెట్‌ను భద్రంగా మోచేతికి తగిలించుకున్నాడు. "ఏమే, ప్లేటు!" అన్నాడు. వెనకున్న ఆవిడది ఎన్నాళ్ల సాధనో గానీ, ఒళ్లో కూరగాయల సంచీ జారకుండా చెయ్యి వెనక్కి చాచి చీరకొంగు ప్లేటు మీద పరిచేసింది. "చివరి అంకె కనిపిస్తోందేమో చూడు!" ఆవిడ కాలు వెనక్కి మడిచి, చెప్పుతో ఆ అంకెనీ మూసేసింది. పచ్చలైటు పడేదాకా అదే భంగిమ. బండి కదిలాక కూడా కొంగు తియ్యలేదు. అది చక్రంలో చుట్టుకుంటుందేమోనన్న టెన్షన్ నాకే గానీ వాళ్లకు లేదు.

వాళ్లనని ఏం లాభం? బైకుల పెండింగ్ చలానాల మీద 2022లో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చింది మన సర్కారే. ఆషాఢం సేల్‌కి ఆగినట్టు జనం ఆగుతున్నారు. చలానా వచ్చిన రోజే కట్టినవాడు వెర్రివాడు.

ఇంతకీ చెప్పలేదు కదూ, ఆ బండి ట్యాంకు మీద అయిదేళ్ల పిల్లాడున్నాడు. వాడి గడ్డానికీ స్పీడోమీటరుకీ మధ్య బెత్తెడు దూరం. నాలుగేళ్లు దాటినవాళ్లందరికీ హెల్మెట్ ఉండాలని చట్టంలో ఉంది. అంతకన్నా చిన్నపిల్లలకు హెల్మెట్‌తో పాటు పెద్దవాళ్లకు కలిపి కట్టే బెల్టు ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లో నిబంధన కూడా తెచ్చారు. ఆ బెల్టు ఏ బండి మీదైనా చూశారా? ఆ ఏడాది హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవాళ్లు దేశంలో 50,029 మందని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. అందులో 14,337 మంది బండి నడిపినవాళ్లు కాదు, ఎక్కి కూర్చున్నవాళ్లు. ఇంట్లో నాన్న మాట వినమంటాం, బండెక్కమంటే ఎక్కుతాడు. వాడేం అడుగుతాడయ్యా, వాడికేం తెలుసు? సడన్ బ్రేకు పడితే ముందు ఎగిరిపడేది వాడే. ప్లేటుకి కొంగు కప్పారు, చెప్పు అడ్డం పెట్టారు, ఆ నెత్తికి ఏం పెట్టారు?

చిన్న సైజు దొరకడం లేదండీ అంటారు. స్కూలు బూట్లకీ, పుట్టినరోజు షేర్వాణీకీ ఊరంతా తిరిగి సరిగ్గా సైజు పట్టుకొచ్చేది మీరు కాదా?