రెండో దెబ్బ

మా ఆవిడ కంచి పట్టుచీర కుచ్చిళ్ళ మీద నేను కాలు వేసింది సరిగ్గా తాళంలో రెండో దెబ్బకి. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను. ఆ హాల్లో రెండో దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ పడింది నా కాలొక్కటే.

వియన్నాలో జనవరి, ఫిబ్రవరి వచ్చాయంటే బాల్స్ సీజన్, అంటే జంటలు జంటలుగా డాన్సు ఆడే వేడుకలు. మనకి మాఘమాసంలో కల్యాణమండపాలు దొరకనట్టు అక్కడ హాళ్ళు దొరకవు. డాక్టర్లకో బాల్, లాయర్లకో బాల్, కాఫీ హోటళ్ళ వాళ్ళకో బాల్, ఆఖరికి మిఠాయిలు చేసేవాళ్ళకి కూడా ఒకటుంది. మా ఆఫీసులో ఎవరో రెండు టికెట్లు చేతిలో పెట్టారు. మగవాళ్ళకి నల్ల సూటు, ఆడవాళ్ళకి నేల తాకే గౌను అని దాని మీద రాసుంది. "చీరా నేల తాకుతుందిగా" అంది మా ఆవిడ. ఇంక వాదనేముంది?

డాన్సు క్లాసుకి వెళ్దామంటే నేను నవ్వాను. చిన్నప్పుడు తెనాలిలో ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నవాణ్ణి. బాల్స్‌లో ఆడే వాల్ట్జ్ డాన్సుకి దెబ్బలు మూడే కదా, త-కి-ట. దీనికి ఫీజు కూడానా? అయినా నాలుగు క్లాసులకి వెళ్ళాం. టీచరమ్మ నిమిషానికి 60 తకిటలు, అంటే 180 దెబ్బలు పడే రికార్డు పెట్టేది. నేను నోట్లో తకిట తకిట అనుకుంటూ ఒక్కటి పొల్లుపోకుండా తిరిగాను. "మీరు గడియారంలా ఆడతారు" అందావిడ. వియన్నాలో అది పొగడ్త కాదని నాకు తర్వాత తెలిసింది.

బాల్ రోజున ముందు తెల్లగౌన్ల అమ్మాయిలు, నల్లకోట్ల అబ్బాయిలు వరసలు కట్టి ఆడారు. తర్వాత ఒకాయన "ఆలెస్ వాల్ట్జర్!" అని కేకేశాడు. ఇక అందరూ దిగండి అని. దిగాం. మొదటి రెండు పాటలూ బాగానే గడిచాయి. మూడోది 'మెర్రీ విడో' వాల్ట్జ్.

ఫ్రాంజ్ లెహార్ ఆపరెట్టా, అంటే పాటల నాటకం అది. 1905 డిసెంబరు 30న ఈ ఊళ్ళోనే, థియేటర్ ఆన్ డెర్ వీన్‌లో మొదలైంది. కథానాయిక వితంతువు, ఆమె దగ్గర రెండు కోట్ల ఆస్తి. కథానాయకుడు పాత ప్రియుడు. డబ్బు కోసం వచ్చాడనుకుంటారని ప్రేమ సంగతి నోరు విప్పి చెప్పడు. (ఈ కథ మా పెళ్ళిళ్ళ పేరయ్యకి చెబితే కుర్రాణ్ణి డాక్టరుకి చూపించమంటాడు.) ఇద్దరికీ మాట పెగలక చివరికి వాల్ట్జ్ ఆడతారు. పెదవులు కదలవు, వయొలిన్లు గుసగుసలాడతాయి అని పాట. జి మేజర్, అంటే మన లెక్కలో ఐదు శ్రుతిలో శంకరాభరణం. స్వరం దగ్గర నాకే ఇబ్బందీ లేదు. వచ్చిన చిక్కల్లా నడకతోనే. ఇది గిరగిర తిరిగే వాల్ట్జ్ కాదు. చెప్పాలా వద్దా అని నసుగుతూ నడుస్తుంది.

దానికి తోడు వియన్నా వాళ్ళ అలవాటొకటి. కాగితం మీద మూడు దెబ్బలూ సమానంగానే ఉంటాయి. వాయించేటప్పుడు మాత్రం రెండోది కాస్త ముందే దూకుతుంది. మూడోది నింపాదిగా తన చోటికి తానొస్తుంది. ఆ కాస్త ఎంత అని అడిగితే ఎవరూ చెప్పరు, భుజాలు ఎగరేస్తారు. హాల్లో అందరూ ఆ కాస్తలో ఒదిగిపోయారు, చీరలో ఉన్న మా ఆవిడతో సహా. నేను లెక్క ప్రకారం కాలు వేసేసరికి అక్కడ ఉండాల్సిన ఆమె పాదం వెళ్ళిపోయింది. కుచ్చిళ్ళు మాత్రం ఉన్నాయి.

పర్‌ర్‌మని చప్పుడైంది.

"ఏవండీ, కదలకండి. కదిలారంటే చీర మీతో వచ్చేస్తుంది" అంది పళ్ళ మధ్య నుంచి.

కదల్లేదు. హాలు నడిమధ్య ధ్వజస్తంభంలా నిలబడ్డాను. చుట్టూ జంటలు ప్రదక్షిణలు చేస్తున్నాయి. మంగళసూత్రానికి రెండు పిన్నీసులు తగిలించుకు తిరుగుతావేంటని పదేళ్ళుగా ఆమెని ఏడిపిస్తున్నాను. ఆ రెండూ ఆ రోజు మా ఇంటి పరువు కాపాడాయి.

అర్ధరాత్రి క్వాడ్రిల్ అని ఇంకోటి పెట్టారు. యొహాన్ స్ట్రాస్ 1874 నాటి తన 'ఫ్లెడర్‌మౌస్' ఆపరెట్టా బాణీలతో కట్టింది. ఒకాయన మైకులో ఆజ్ఞలిస్తాడు, జనం వరసల్లో అటూ ఇటూ మారాలి. ఆ గోలలో ఆజ్ఞలు ఎవరికీ వినపడవు. పోనుపోను వేగం పెంచి ఆఖర్న గాలప్ అని పరుగెత్తిస్తారు. అందరూ అందరి కాళ్ళూ తొక్కారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు తెనాలిలో మా గురువుగారికి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను.

"తాళం తప్పావా?"

"లేదండీ, వాళ్ళే తప్పారు."

"ఎంతమంది?"

"హాలు మొత్తం."

కాసేపు మాట్లాడలేదు. "అతీతం ఎత్తుకున్నారేమోరా, తాళానికి ముందే పాట మొదలెట్టి" అన్నారు.

"కాదండీ, మొదటి దెబ్బ సమంగానే పడుతుంది. రెండోదే తొందరపడుతుంది."

"ఏదీ, వినిపించు."

ఫోన్ స్పీకరు దగ్గర పెట్టాను. అవతల ఆయన తొడ మీద తాళం వేస్తున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. త-కి-ట, త-కి-ట. నాలుగు వరసలయ్యాక ఆ చప్పుడు ఆగిపోయింది. పాట కూడా అయిపోయింది.

"మధ్యలో వయొలిన్ల వాళ్ళు కాఫీకి లేచారా ఏంట్రా?"

"లేదండీ. అది అంతే."

"ఊఁ" అన్నారు. మళ్ళీ కాసేపాగి, "ఇంకోసారి పెట్టు" అన్నారు.