ఓడినోళ్లు కూడా రావాల్సిన రోజు

2021 జనవరి 20న జో బైడెన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసేసరికి మనకు రాత్రి పదిన్నర. పిల్లల్ని అమెరికా పంపిన నల్లగొండ, మిర్యాలగూడ తల్లిదండ్రులకు ఆ రాత్రి టెన్షనే. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందే, ఆ ప్రమాణం జరిగే క్యాపిటల్ భవనం (అమెరికా పార్లమెంటు) మీదనే మూక దాడి చేసింది, కరోనా అప్పటికే అక్కడ 4 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది, నగరం నిండా 25 వేల మంది నేషనల్ గార్డ్ సైనికులు. జనం నిలబడాల్సిన మైదానంలో దాదాపు 2 లక్షల జెండాలు పాతారు.

జనం లేకపోవడం నాకైతే వెలితిగా అనిపించలేదు. 1945లో రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్ వరండాలోనే ప్రమాణం చేసి, నాలుగు మాటలు చెప్పి ముగించారు, కష్టకాలంలో అదే పద్ధతి. అసలు వెలితి డొనాల్డ్ ట్రంప్ రాకపోవడం. ఎన్నికల్లో గెలిచినాయన ప్రమాణానికి దిగిపోయే అధ్యక్షుడు కావాలని మొహం చాటేయడం 1869లో ఆండ్రూ జాన్సన్ తర్వాత అదే మొదలు.

1861లో లింకన్ ప్రమాణం నాటికి ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయాయి, ఇండ్ల కప్పుల మీద తుపాకులతో సైనికులు, క్యాపిటల్ గుమ్మటం ఇంకా సగంలోనే ఉంది, అయినా దిగిపోయే అధ్యక్షుడు బుకానన్ లింకన్ పక్కనే గుర్రబ్బండిలో కూర్చొని వచ్చారు. 1933 మార్చి 4న దేశంలో చాలా చోట్ల బ్యాంకులు మూతపడి ఉంటే, ఓడిపోయిన అధ్యక్షుడు హూవర్ మొహం ముడుచుకొనే రూజ్‌వెల్ట్‌తో ఒకే కారులో వచ్చారు. మనసులో మంట ఉన్నా వచ్చారు! కుర్చీ ఎవరిదన్న అనుమానం లేదు గనుకే, మార్చి 12న రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడితే మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకున్న చోటల్లా జనం క్యూ కట్టి డబ్బు తిరిగి వేశారని నా నమ్మకం.

ఈ పట్టింపు ఎందుకో మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఉన్నవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. సర్పంచ్ ప్రమాణం రోజు ఓడినాయన ఊళ్లో కనబడడు, ఆయన వర్గం గ్రామసభకు రాదు, ఇక నీళ్లు లేని ఎండాకాలంలో ట్యాంకర్ ముందు ఏ వాడకు పోవాలన్న దగ్గర్నుంచీ పంచాయితీయే. దాహానికి ఏ వర్గమని ఉంటుంది?

అమెరికా ఆ మర్యాదను మళ్లీ పట్టుకుంది. 2025 జనవరి 20న విపరీతమైన చలి వల్ల వేడుకను క్యాపిటల్ లోపలికి మార్చారు. ట్రంప్ ప్రమాణం చేస్తుంటే, నాలుగేళ్ల కింద ఎవరి ప్రమాణానికి ఆయన రాకుండా ముఖం తిప్పుకున్నారో ఆ బైడెన్, ఆయన చేతిలో ఓడిన కమలా హారిస్ ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.