డాక్టరుగారి ఆలస్యంపై విచారణ జరగాలి

ఇంగ్లీషు గ్రామర్ ప్రశ్నల్లో ఒక దేశం ఉంది. అక్కడ వైద్య సేవలు ఎంత అధ్వానంగా ఉన్నాయో ఇంతవరకు ఏ శాసనసభా పట్టించుకోలేదు. పదో తరగతి గైడైనా, బ్యాంకు పరీక్షైనా, స్టాఫ్ సెలక్షన్ కమిషన్‌ మోడల్ పేపరైనా అక్కడి నుంచి వచ్చే కబురు ఒకటే: 'ది పేషెంట్ హ్యాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్'. డాక్టరు రాకముందే రోగి పోయాడు. తాతలు బట్టీ పట్టినప్పుడూ పోయాడు, మనవలు ఆన్‌లైన్‌లో మాక్ టెస్టు రాస్తున్నప్పుడూ పోతూనే ఉన్నాడు. డాక్టరుగారు ఒక్కసారైనా వేళకు వచ్చి నాడి పట్టుకున్న దాఖలా లేదు.

ఆ దేశంలో మిగతా శాఖల పనితీరూ అంతే. మనం స్టేషన్ చేరేసరికి రైలు వెళ్లిపోయి ఉంటుంది. పోలీసులు వచ్చేసరికి దొంగ పారిపోయి ఉంటాడు. 'ది పోయెట్ అండ్ ఫిలాసఫర్ ఈజ్ డెడ్' అని ఇంకో చావు కబురు వస్తే, పోయింది ఒకరా ఇద్దరా అని 'ది'లు లెక్కపెడతారే తప్ప, పాపం కవిగారికి ఏమైందని అడిగే నాథుడు లేడు.

గతంలో జరిగిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి 'హ్యాడ్' తగిలించాలన్నది రూలు. బాగానే ఉంది. డాక్టరు ముందొచ్చినా ఆ రూలుకు వచ్చే నష్టమేమీ లేదు, ఆ 'హ్యాడ్' ఏదో ఆయన పక్కన పెడితే సరిపోతుంది. ఇన్ని దశాబ్దాలుగా పేపరు తయారుచేసేవారికి ఈ ఆలోచన తట్టలేదంటే కుట్ర కోణాన్ని కొట్టిపారేయలేం. పైగా 'బిఫోర్' అన్నాక ఏది ముందో ఏది వెనకో తెలిసిపోతుంది కాబట్టి, ఉత్త 'డైడ్' అన్నా తప్పు కాదని ఇంగ్లీషువాళ్ల వ్యాకరణాలే ఒప్పుకుంటాయి. మన గైడ్లు ఒప్పుకోవు. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష తొలి అంచె టైర్-1లో గంటకు 100 ప్రశ్నలు, అందులో 25 ఇంగ్లీషువి. ఒప్పుకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అంటే రోగి ప్రాణం ఖరీదు రెండు మార్కులు. 'హ్యాడ్' లేకుండా పోతే అర మార్కు జరిమానా.

ఇన్‌డైరెక్ట్ స్పీచ్ దగ్గర మాత్రం వ్యాకరణానికి లోకజ్ఞానం ఉందని ఒప్పుకోవాలి. మంత్రిగారు 'వి విల్ ఫిల్ ఆల్ ది పోస్ట్స్' అన్నారనుకోండి. ఆ మాట మనదాకా వచ్చేసరికి 'విల్' కాస్తా 'వుడ్' అవుతుంది. ఆయన 'టుమారో' అంటే 'ది నెక్స్ట్ డే' అవుతుంది, ఆ రోజు ఏ రోజో ఎవరూ అడగరు. ఈ అరుగుదల నుంచి మినహాయింపు భూమికి ఒక్కదానికే ఉంది. ఎవరు ఎప్పుడు చెప్పినా అది సూర్యుడి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని గతంలోకి నెట్టకూడదు. మేనిఫెస్టోలను కూడా ఈ సార్వకాలిక సత్యాల కోటాలో చేర్చమని పార్టీలు ఇంతవరకు ఎందుకు కోరలేదో అర్థం కాదు.

కర్తకూ క్రియకూ పొత్తు కుదిర్చే సూత్రాలైతే రాజనీతి శాస్త్రం సిలబస్‌లో ఉండాల్సినవి. 'ది లీడర్, అలాంగ్ విత్ హిజ్ ఫాలోవర్స్, హ్యాజ్ కమ్.' వెనక లారీల్లో ఎంతమంది వచ్చినా క్రియకు కనబడేది నాయకుడొక్కడే. జెండాలు మోసినవాళ్లు రెండు కామాల మధ్య ఇరుక్కుని ఉంటారు. 'నైదర్, నార్' వాక్యంలో ఎవరు దగ్గరగా నిలబడితే క్రియ వాళ్ల మాటే వింటుంది. ఫ్లెక్సీలో పెద్దాయన పక్కన చోటు కోసం జరిగే తోపులాటకు ఇంతకంటే శాస్త్రీయ ఆధారం ఏం కావాలి?

ఇవన్నీ నంద్యాల కోచింగ్ సెంటర్లలోనూ, హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లోనూ కూర్చుని పిల్లలు పొద్దస్తమానం చదువుతున్నారు. 'ఐ యామ్ ప్రిపేరింగ్ సిన్స్ 2018' అని ఒకడు అంటే, 'తప్పు, హ్యావ్ బీన్ ప్రిపేరింగ్ అనాలి' అని పక్క మంచం వాడు దిద్దుతాడు. మొదలుపెట్టిన ఏడాది తెలిసి, ముగిసే ఏడాది తెలియని పనులకు ఆ కాలమే తగునట. సంక్రాంతికి ఊరెళితే మాత్రం చుట్టాలు సింపుల్ ప్రెజెంట్‌లోనే అడుగుతారు, ఏం చేస్తున్నావని.

తెలంగాణ గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్నే ఎత్తేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. ఇంతా దాటి మెయిన్స్ దాకా చేరినవాడికి అక్కడ జనరల్ ఇంగ్లీషు అని ఒక అర్హత పేపరు ఎదురుచూస్తుంటుంది. దాని స్థాయి పదో తరగతి. రెండుసార్లు రద్దయిన పరీక్షను రెండుసార్లూ రాసినవాడికి ఏ పని ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో తెలుసా లేదా అని తేల్చుకోవాలి కదా మరి.

వచ్చే పేపరు తయారుచేసేవారు రోగినీ డాక్టరునీ కాసేపు వదిలేసి ఈ ప్రశ్న వాడుకోవచ్చు, రాయల్టీ అక్కర్లేదు:

'ది ఎగ్జామ్ ___ క్యాన్సిల్డ్.' ఎ) వాజ్ బి) హ్యాజ్ బీన్ సి) విల్ బీ డి) పైవన్నీ.

ప్రాథమిక కీ ప్రకారం జవాబు డి. అభ్యంతరాలున్నవారు ప్రశ్నకు ఇంత అని రుసుము చెల్లించి, గడువులోగా ఆన్‌లైన్‌లో తెలపగలరు.